కారం చల్లిన ఐస్‌క్రీమ్ తిన్నారా?

కారం చల్లిన మామిడికాయ ముక్క తిన్నాం, జామకాయ తిన్నాం, ఎండాకాలం బస్టాండు దగ్గర కీరాదోసకాయ తిన్నాం. మరి కారం చల్లిన ఐస్‌క్రీమ్ ఎప్పుడైనా తిన్నారా? "ఇదేం చోద్యం!" అని బుగ్గ నొక్కుకుంటున్నారు కదూ! నేనూ సరిగ్గా అలాగే నొక్కుకున్నాను. మాది గుంటూరు. మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ బడికెళ్లి, తుమ్ముకుంటూనే ఇంటర్ పాసై, ఈ ఊళ్లోనే కాపురం చేస్తున్నదాన్ని. కారమంటే నాకు కొత్తేమీ కాదు. అయినా ఐస్‌క్రీమ్ మీద కారమంటే మొదట నమ్మలేదు.

ఆ కొట్టు గురించి మీకు చెబుదామనే కూర్చున్నాను. దాంతోపాటు మా ఇంటి సంగతులు కూడా కాసిని చెప్పక తప్పదు. విసుక్కోకుండా చదవండి.

బోర్డు మీద ఏముందంటే...

బ్రాడీపేటలో ఒక లైను చివర, జిరాక్సు షాపు పక్కన చిన్న కొట్టు అది. నాలుగు బల్లలు, ఒక గాజు పెట్టె, గోడకి ఒక నల్లబోర్డు. మొగుడూ పెళ్లాలిద్దరే నడుపుకుంటారు. ఆ అబ్బాయి ఇదివరకు బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో స్వీట్లు చేసేవాడట. ఆ అమ్మాయి వెనక గదిలో పళ్లు ఒలిచి, గింజలు తీసి, గుజ్జు చేసిస్తుంది. ఏ కాలానికి ఆ పండే. సీతాఫలం కావాలంటే వానాకాలం చివరిదాకా ఆగాల్సిందే. మే నెలలో అడిగితే "ఇప్పుడు లేదండీ" అంటారు గాని, డబ్బాలో గుజ్జు తెచ్చి కలపరు.

మేం మొదట వెళ్లింది 2024 మే నెలాఖరులో. బోర్డు మీద సుద్దముక్కతో రాసున్న పేర్లు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. జామ - కారం, తాటిముంజ, పనసతొన, పచ్చిమామిడి, తమలపాకు, తాటిబెల్లం - శొంఠి, ఫిల్టర్ కాఫీ, నల్లనువ్వులు. ఐస్‌క్రీమ్ కొట్టుకొచ్చామా, పచారీ కొట్టుకొచ్చామా అనిపించింది. వెనిలా, చాక్లెట్, బటర్‌స్కాచ్ కూడా ఉన్నాయి లెండి, కింద చివర్లో చిన్న అక్షరాలతో.

మా అమ్మాయి ఇంజనీరింగు పూర్తి చేసింది. పుణెలో ఉద్యోగం వచ్చింది. జూన్ మొదటి వారంలో ప్రయాణం. ఆ సంతోషంలో అందర్నీ బయలుదేరదీసింది. అత్తయ్యగారు మాత్రం "నాకు షుగరు, నేనెందుకే" అని ఇంట్లోనే ఉండిపోయారు.

గాజు పెట్టె దగ్గర ఆ కుర్రాడు ఒక్కొక్కర్నీ అడుగుతున్నాడు. మావారు బటర్‌స్కాచ్ అన్నారు. మా అబ్బాయి చాక్లెట్. అమ్మాయి జామ - కారం. "మీకేం ఇమ్మంటారు ఆంటీ?" అన్నాడు నావైపు తిరిగి. నేను అలవాటుగా, "నాకేం వద్దు బాబూ, వీళ్లది మిగిలితే తింటాలే" అన్నాను.

మీరూ ఇలాగే అంటారా? అనుంటారు. మన ఆడవాళ్లలో ఆ మాట అననివాళ్లెవరు!

మా అమ్మాయికి కోపం వచ్చింది. "ఎప్పుడూ మిగిలిందేనా అమ్మా? నీకేం ఇష్టమో చెప్పు" అంది. "ఏదైతేనేంలేవే" అన్నాను. అదింకా మొండికేసింది. "రేపు పుణె నుంచి వచ్చేటప్పుడు నాన్నకి ఏం తేవాలో నాకు తెలుసు, తమ్ముడికి తెలుసు, నాయనమ్మకి కూడా తెలుసు. నీకేం తేవాలో నాకు తెలీదు. ఇరవై రెండేళ్లొచ్చాయి, మా అమ్మకేం ఇష్టమో నాకు తెలీదు" అంది. కోపంగా మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి గొంతు అదోలా అయింది. నలుగురిలో నాకు సిగ్గేసింది. సిగ్గు దాని మాటకి కాదు. బోర్డంతా మళ్లీ పైనుంచి కిందిదాకా చదివాను, ఏది కావాలో నాకే తెలియలేదు. ఆ రోజుకి మా అబ్బాయి వదిలేసిన చాక్లెట్ రెండు చెంచాలు తిని ఇంటికొచ్చేశాను.

సేమియా ఐసు ఏమైంది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకేదీ ఇష్టం లేకుండానే పుట్టానా అని ఆలోచించాను. లేదు. చిన్నప్పుడు మా వీధిలోకి సైకిలు మీద పెట్టె కట్టుకుని ఐసబ్బాయి వచ్చేవాడు. గంట చప్పుడు వినపడితే చాలు, చేతిలో పలక ఎక్కడిదక్కడ పారేసి పరిగెత్తేదాన్ని. ఎర్రది, పచ్చది పుల్లైసులు, పాలైసు, సేమియా ఐసు ఉండేవి. మా అన్నయ్యకి ఎర్రది కావాలి, నాలుకంతా రంగవుతుందని. నాకు సేమియా ఐసే కావాలి. చివర్న పుల్లకి అంటుకున్న సేమియా పోగులు ఒక్కొక్కటే లాక్కుని తినేదాన్ని. లేదంటే ఏడ్చేదాన్ని కూడా. అంత గట్టిగా "నాకిదే కావాలి" అన్న పిల్ల ఎప్పుడు "ఏదైతేనేంలే" అనే మనిషైపోయిందో నాకే తెలీదు.

ఎవరూ నన్ను తినొద్దనలేదు. మావారు మంచివారే. అత్తయ్యగారు కట్టడి చేసే మనిషి కాదు. పిల్లలకి పెట్టగా అడుగున మిగిలింది పారెయ్యలేక తినటం, విరిగిన అప్పడం నా కంచంలో వేసుకోవటం, మాడిన దోసె నా వంతు అనుకోవటం. ఇలా ఒకటి తర్వాత ఒకటి అలవాటైపోయింది. పొదుపు అనుకున్నాను. కానీ, దాంతో నేనేం దాచానో, ఎంత దాచానో లెక్క చూసుకుంటే ఏమీ కనపళ్లేదు.

అమ్మాయి పుణె వెళ్లిపోయింది. ఇల్లు బోసిపోయింది. జూన్ రెండో వారంలో ఒక మంగళవారం మధ్యాహ్నం, అబ్బాయి ట్యూషనుకి వెళ్లాక, "కుట్టు మిషను దాకా వెళ్లొస్తానత్తయ్యా" అని చెప్పి బయటపడ్డాను. జాకెట్టు గుడ్డ సంచిలో ఉంది, అబద్ధం కాదు. కానీ టైలరు దగ్గర పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. కాళ్లు ఆ కొట్టువైపు నడిచాయి.

ఒక్కదాన్నే కూర్చుని...

పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఒక్కదాన్నే ఒక కొట్టులో బల్ల ముందు కూర్చుని ఏదైనా తిన్నది అదే మొదలు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ముందు గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ కుర్రాడు గుర్తుపట్టాడు. "ఆంటీ, ముందు రుచి చూడండి, తర్వాతే చెప్పండి" అని చిన్న చెక్క చెంచాలు తెచ్చి వరసగా పెట్టాడు. ఇలా రుచి చూపించటానికి డబ్బులు తీసుకోరు. మీకూ ఎక్కడైనా కొత్త రుచులు కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి, చాలా కొట్లల్లో ఇస్తారు.

ముందు జామ - కారం. లేత గులాబీ రంగులో ఉంది. పైన ఉప్పు, కారం చల్లిచ్చాడు. నోట్లో పెట్టుకోగానే చల్లగా, తియ్యగా జామపండు వాసన. కారమేదీ అనుకుంటూ ఉండగానే గొంతు దగ్గర మెల్లిగా అంటుకుంది. కమ్మగా ఉంది. బడి బయట గంపలో అమ్మే జామకాయే, కాకపోతే పెళ్లికూతురిలా ముస్తాబై వచ్చింది.

తాటిముంజ అసలు ఐస్‌క్రీమ్‌లా అనిపించలేదు. ముంజల్లో నీరెక్కువ కదా, అంతా రుబ్బి గడ్డకట్టిస్తే ఐసుముక్కల్లా పలుకులొస్తాయట. అందుకని కొబ్బరిపాలు, పాలమీగడ కలిపిన దాంట్లో ముంజల్ని పొట్టుతీసి చిన్న ముక్కలుగా వేస్తారట. పంటి కింద జారిపోతుంటే ఎండాకాలం సెలవులు గుర్తొచ్చాయి. సీజను చివరిరోజులు కాబట్టి ముంజ కాస్త ముదిరింది, అయినా బాగుంది.

తమలపాకు నాకు నచ్చలేదు. గుల్కందు కలిపారు, సోంపు వేశారు, ఆకుపచ్చగా చూడటానికి బాగుంది. నాకు మాత్రం పొద్దున్నే పళ్లు తోముకున్నట్టుంది. నచ్చనిది నచ్చలేదని పైకి చెప్పాను. ఆ అబ్బాయేం బాధపడలేదు. "పోన్లెండాంటీ, అందుకే కదా చెంచా" అన్నాడు. చెప్పేశాక నాకే ఆశ్చర్యమేసింది. ఇంతకాలం నచ్చనివన్నీ నోరు మూసుకుని తింటూనే ఉన్నాను కదా!

చివర నల్లనువ్వులు. చూడటానికి సిమెంటు ముద్దలా ఉంది. వద్దందామనుకున్నాను. నల్లనువ్వులంటే మనకు గుర్తొచ్చేవి తద్దినాలు, శనిపూజలు. సరే, చెంచానే కదా అని నోట్లో పెట్టుకున్నాను.

అది చిమ్మిలి రుచి. దోరగా వేయించిన నువ్వులు, బెల్లం, కాస్త ఉప్పు.

అక్కచెల్లెళ్లకి చెప్పుకోవటానికి సిగ్గేముంది! నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ నాకు చిమ్మిలి చేసి పెట్టింది. రోట్లో దంచుతుంటే నూనె దిగి, బెల్లం కలిసి ముద్దయ్యేది. మా అన్నయ్య అడిగితే "నీక్కాదురా, అది దానికి" అని చెయ్యి పక్కకి తోసేసింది. ఇంట్లో అన్నయ్యకి కాదని నాకు పెట్టింది అదొక్కసారే అనుకుంటా. ఆ తర్వాత నాకోసమని ఎవరూ ప్రత్యేకంగా ఏదీ చెయ్యలేదు. నేనూ చేసుకోలేదు. ఆ కొట్టులో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, కళ్లు తుడుచుకోవటం ఎవరూ చూడలేదు.

"ఇదివ్వు బాబూ, రెండు ముద్దలు" అన్నాను. మొత్తం తిన్నాను. కప్పు అడుగున కూడా మిగల్చలేదు.

కారం ఆలస్యంగా ఎందుకు తగిలింది?

ఇంటికొచ్చాక ఈ ఐస్‌క్రీముల సంగతేంటో తెలుసుకోవాలనిపించింది. ఆ దంపతుల్ని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నోరు మండినప్పుడు నీళ్లెన్ని తాగినా మంట పోదు, ఒక గుక్క పాలో పెరుగో తీసుకుంటే తగ్గుతుంది. ఐస్‌క్రీమ్‌లో చల్లదనం నాలుకని కాస్త మొద్దుబారుస్తుంది, వెన్న కారాన్ని పట్టి ఉంచుతుంది. నోట్లో కరిగాక గాని మంట బయటపడదు. అదీ కిటుకు.

చల్లగా ఉన్నప్పుడు తీపి కూడా తక్కువగా తెలుస్తుంది. ఎప్పుడైనా కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగి చూడండి, వెగటుగా తియ్యగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మనకి సరిపడా తీపి తెలియాలని ముందే చక్కెర ఎక్కువ వేస్తారు. చక్కెర మెత్తదనానికి కూడా కావాలి. బాగా తగ్గించేస్తే ఐస్‌క్రీమ్ రాయిలా బిగుసుకుపోతుంది.

ఇక ఈ ఐసు మన దేశానికి ఎలా వచ్చిందనుకున్నారు? అక్బరు కాలంలో హిమాలయాల నుంచి మంచు తెప్పించేవారట, పెట్లుప్పు వేసి నీళ్లు చల్లబరిచేవారట. ఆ తర్వాత 1833లో అమెరికాలోని బోస్టను నుంచి ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఓడలో ఐసుగడ్డలు కలకత్తాకి పంపించాడు. చెరువుల మీద గడ్డకట్టిన మంచుని రంపాలతో కోసి, రంపపు పొట్టులో పెట్టి నాలుగు నెలల సముద్ర ప్రయాణం! మద్రాసులో ఆ ఐసు దాచటానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడు బస చేసినచోటు కాబట్టి ఆయన పేరుతో పిలుస్తున్నారు. మన గుంటూరు అప్పుడు మద్రాసు కిందే ఉండేది. కానీ ఆ ఐసు దొరలకి గాని మన ముత్తవ్వలకి అందలేదు.

చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ మిషనుకి అమెరికాలో 1843లో పేటెంటు తీసుకున్నది నాన్సీ జాన్సన్ అనే మహిళ. చెక్క బకెట్టు, మధ్యలో రేకు డబ్బా, చుట్టూ ఐసు, ఉప్పు, పైన తిప్పే పిడి. ఉప్పు తగిలితే ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, సున్నా డిగ్రీలకన్నా బాగా కిందికి చల్లబడుతుంది. పాలు గడ్డకడుతుంటే తిప్పుతూ ఉండటంవల్ల పలుకులు పెద్దవి కాకుండా మెత్తగా వస్తుంది. హైదరాబాదులో మొజంజాహి మార్కెట్టుకి వెళ్లినవాళ్లకి ఈ చేతి ఐస్‌క్రీమ్ సంగతి చెప్పక్కర్లేదు. ఏడో నిజాం తన రెండో కొడుకు పేర 1935లో కట్టించిన ఆ రాతి మార్కెట్టు ఒకప్పుడు పళ్లకి ప్రసిద్ధి. పళ్ల మార్కెట్టు తర్వాత గడ్డిఅన్నారానికి మారింది గాని, సీతాఫలం, మామిడి, ఖర్బూజాలతో చేసే ఐస్‌క్రీముల పేరు మాత్రం అక్కడే నిలిచిపోయింది.

పళ్ల రుచుల్ని దేశమంతటికీ అలవాటు చేసినవారిలో రఘునందన్ కామత్ గారి పేరు ముందు చెప్పుకోవాలి. మంగుళూరు వైపు పళ్లమ్ముకునే ఆయన కొడుకు. 1984లో బొంబాయి జుహూలో చిన్న కొట్టు తెరిచారు. మొదట్లో పావ్‌భాజీ కూడా పెట్టి, కారం తిన్న నోటికి చల్లగా ఐస్‌క్రీమ్ ఇచ్చేవారట. లేతకొబ్బరి ఐస్‌క్రీమ్‌కి ఆ కొట్టే పేరు. 2024 మే నెలలోనే ఆయన కాలం చేశారు. పండు ఎంచటం వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్యే ఆయన్ని నిలబెట్టింది.

అత్తయ్యగారి ఫ్లాస్కు

మళ్లీ మా ఇంటికొద్దాం. గోడవైపు తిరిగి కూర్చున్నా ఏం లాభం, మా ఎదురింటి పిన్నిగారు జిరాక్సు తీయించుకోవటానికొచ్చి నన్ను చూడనే చూశారు. సాయంత్రానికి ఆ కబురు మా అత్తయ్యగారి దగ్గరికి చేరింది. రాత్రి వంటింట్లోకొచ్చి నిలబడ్డారు. "ఏమే, మధ్యాహ్నం ఐస్‌క్రీమ్ తిన్నావటగా ఒక్కదానివే" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఏం చెప్పాలో తోచలేదు.

"నాక్కూడా కాస్త తేలేకపోయావా?" అన్నారు.

అప్పుడు చెప్పారావిడ. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, 1968 ప్రాంతంలో, మామయ్యగారు పనిమీద బెజవాడ వెళ్లి ఫ్లాస్కులో ఐస్‌క్రీమ్ పోయించుకొచ్చారట. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి సగం కరిగింది. ఇంట్లో అత్తగారు, ముగ్గురు ఆడపడుచులు, ఇద్దరు మరుదులు. అందరికీ గ్లాసుల్లో పోశారు. కొత్తకోడలి చేతికి ఫ్లాస్కు ఇచ్చారు, కడగమని. "కడిగేముందు అందులో గ్లాసుడు నీళ్లు పోసి గిలక్కొట్టి తాగాను. అది ఏ పండుదో తెలీదు, ఏ రంగో చూళ్లేదు. ఆ తెల్లనీళ్ల రుచి ఇప్పటికీ నోట్లోనే ఉందే" అన్నారు నవ్వుతూ. మామయ్యగారు పోయి తొమ్మిదేళ్లు. ఆయనకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదట. చెబితే బాధపడతారని.

నేను మిగిలింది తిన్నాను. ఆవిడ కడిగిన నీళ్లు తాగారు. ఇంకెన్ని ఇళ్లల్లో ఎంతమంది ఇలా ఉన్నారో!

అత్తయ్యగారికి షుగరుంది కాబట్టి ఊరికే తెచ్చి పెట్టెయ్యలేదు. నెల చెకప్పుకి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను. "ఎప్పుడైనా ఒకసారి, రెండు మూడు చెంచాలు, ఆ పూట అన్నం తగ్గించి" అన్నారు. అది మా అత్తయ్యగారికి చెప్పిన మాట. మీ ఇంట్లోవాళ్లకి మీ డాక్టరునే అడగండి. నేరేడుపండు ఐస్‌క్రీమ్ వచ్చిందని తెలిసి ఆటోలో తీసుకెళ్లాను. ఆవిడ మాత్రం గోడవైపు తిరగలేదు, దర్జాగా రోడ్డువైపే కూర్చున్నారు. అన్నీ రుచి చూస్తాననలేదు. బోర్డు చదివించుకుని "నేరేడు" అన్నారు. మూడు చెంచాలు లెక్కపెట్టుకుని తిన్నారు. నాలుక బయటపెట్టి "ఊదా రంగయిందా?" అని నన్నడిగారు. తర్వాత నా కప్పులోకి చూసి, "నల్లనువ్వులా? శనివారంనాడు తినకే తల్లీ" అన్నారు. ఆ రోజు గురువారమే లెండి.

అమ్మాయికి ఫోను చేసి, "నాకేం ఇష్టమో అడిగావుగా, రాసుకో. నల్లనువ్వులు" అన్నాను. అవతల కాసేపు మాటలేదు. "ఐస్‌క్రీమా, ఉండలా?" అంది. "ఏదైనా సరే" అనబోయి, ఆగి, "ఐస్‌క్రీమే" అన్నాను.

మావారికీ చెప్పాను. తర్వాతి ఆదివారం ఆయనే ముందుకెళ్లి, "ఆవిడకి నల్లద్రాక్ష" అని గట్టిగా చెప్పారు. నల్లది అన్నంతవరకూ గుర్తుపెట్టుకున్నారు పాపం! "నల్లనువ్వులండీ" అని నేనే సరిదిద్దాను. ఒకప్పుడైతే ద్రాక్ష తినేసి ఊరుకునేదాన్ని.

కొనేముందు ఇవి చూడండి

* డబ్బా మీద ఐస్‌క్రీమ్ అని ఉందా, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉందా చదవండి. ఐస్‌క్రీమ్ అంటే పాలవెన్నతో చేసింది, మామూలు రకంలో వెన్న కనీసం 10 శాతం ఉండాలి. ఫ్రోజెన్ డెజర్ట్‌లో వంటనూనెల కొవ్వు వాడతారు. చూడటానికి రెండూ ఒకటే.

* మిల్లీలీటర్లతోపాటు గ్రాములు కూడా చూడండి. తిప్పేటప్పుడు గాలి కలుస్తుంది. ఒకే సైజు డబ్బాల్లో బరువెక్కువ ఉన్నదాంట్లో గాలి తక్కువన్నమాట.

* కొన్ని రకాల్లో గుడ్డు వేస్తారు. శాకాహారులు ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవాలి. గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం కిందికి వస్తుంది, గుడ్డు కూడా అందులోదే.

* "షుగర్ ఫ్రీ" అని రాసినంతమాత్రాన అందులో తీపే లేదనుకోవద్దు. పాలల్లోని చక్కెర, పండులోని చక్కెర ఎక్కడికీ పోవు.

* ఇంటికి తెచ్చేటప్పుడు పూర్తిగా కరిగిపోయినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి తినొద్దు. పలుకులు కట్టటమే కాదు, కరిగినప్పుడు పెరిగిన క్రిములు చలికి చావవు.

ఇంట్లో జామ - కారం ఐస్‌క్రీమ్

కావలసినవి: బాగా పండిన ఎర్ర జామపళ్లు నాలుగు, చిక్కటి పాలు అర లీటరు, ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, చక్కెర 100 గ్రాములు, చిటికెడు ఉప్పు. పైన చల్లటానికి పావు చెంచా కారం, చిటికెడు ఉప్పు.

చేసే విధానం: పాలు సన్నటి సెగ మీద సగమయ్యేదాకా అడుగంటకుండా మరగనిచ్చి, చక్కెర కలిపి దించాలి. పూర్తిగా చల్లారాక ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టాలి. జామపళ్లు ముక్కలు కోసి, కాసిని నీళ్లతో మిక్సీలో తిప్పి, జల్లెట్లో వడకట్టి గింజలు తీసెయ్యాలి. గింజలు మరీ మెత్తగా నలిగేలా తిప్పొద్దు. ఈ గుజ్జు కూడా చల్లబరచాలి. రెండూ చల్లగా ఉన్నప్పుడే కలపాలి, వేడి పాలల్లో పండు వేస్తే విరిగే ప్రమాదముంది. క్రీమ్‌ని కొద్దిగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, ఉప్పుతోసహా ఇందులో కలపాలి. వెడల్పాటి స్టీలు డబ్బాలో పోసి మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. ముప్పావు గంటకోసారి తీసి, అంచుల దగ్గర గడ్డకట్టినదాన్ని ఫోర్కుతో గీకి, మొత్తం గిలక్కొట్టి మళ్లీ పెట్టాలి. ఇలా మూడు నాలుగుసార్లు చెయ్యాలి. మిషను తిప్పే పని మన చెయ్యి చేస్తుందన్నమాట. తర్వాత రాత్రంతా వదిలెయ్యండి. తినే పది నిమిషాల ముందు బయటపెట్టి, కప్పుల్లో వేశాకే కారం, ఉప్పు చల్లండి. ముందే కలిపితే రంగు మారుతుంది, పిల్లలు తినలేరు.

ఇదే పద్ధతిలో సీతాఫలం, మామిడిపండు కూడా చేసుకోవచ్చు. అనాసపండుతో మాత్రం పచ్చిది వాడొద్దు, పాలు చేదెక్కుతాయి. ముక్కల్ని చక్కెరతో ఉడికించి చల్లార్చి కలపాలి.

ఒక్క సంగతి. ఇంట్లో చేసినప్పుడు అందరికీ పంచాక డబ్బా గీకి తినే పని పెట్టుకోకండి. మొదటి కప్పు మీకోసం తీసి పక్కన పెట్టండి, తర్వాతే మిగతావాళ్లకి వడ్డించండి. మొదట్లో చెయ్యి రాదు, నాకూ రాలేదు. రెండు మూడుసార్లకి అలవాటవుతుంది.

మరి ఈసారి మీ ఊళ్లో ఐస్‌క్రీమ్ కొట్టుకెళ్లినప్పుడు "మీకేం కావాలమ్మా?" అని అడిగితే మీరేం చెబుతారు? ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. అక్కడికెళ్లాక తోచదు సుమండీ!